శల్యపేటిక నుంచి ఇత్తడి బిందె దాకా

కళింగపట్నం దగ్గర సముద్రంలో కలవబోయే ముందు వంశధార ఒక కొండ పక్కగా సాగుతుంది. ఆ కొండ మీదే శాలిహుండం ఉంది. శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని ఈ ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే రెండు మాటలు చెబుతారు. ఒకటి శాలివాటిక, అంటే వడ్లు నిల్వ చేసే చోటు. రెండోది శల్యపేటిక, అంటే ఎముకల పెట్టె. వ్యుత్పత్తి సంగతి ఎలా ఉన్నా రెండో పేరు ఆ కొండకు బాగా అతికింది. అక్కడ తవ్వితే నిజంగానే పెట్టెలు దొరికాయి మరి.

1919లో గిడుగు వెంకట రామమూర్తి ఈ బౌద్ధ క్షేత్రాన్ని గుర్తించారు. తర్వాత జరిగిన తవ్వకాల్లో స్తూపాలు, విహారాల పునాదులు, తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు, బ్రాహ్మీ అక్షరాలున్న కుండపెంకులు బయటపడ్డాయి. వాటితోపాటు ధాతుపేటికలు కూడా దొరికాయి. రాతి బరిణె మూత తీస్తే లోపల స్తూపం ఆకారంలో చెక్కిన చిన్న స్ఫటిక బరిణె, అందులో బంగారు పూలు. ఇన్ని పొరల లోపల మనిషి కంటికి కనిపించకుండా దాచిపెట్టారు.

ఇలాంటి పేటికల్లో సాధారణంగా దాచేది గోరంత ఎముక ముక్క, లేదంటే చిటికెడు బూడిద. ఆ ముక్కను పేటికలోంచి తీసి ఒక పళ్లెంలో పెట్టి, ఏమీ చెప్పకుండా చూపిస్తే ఎవరూ గుర్తుపట్టలేరు. ఎవరి ఎముకో ఆ ఎముక చెప్పలేదు. చెప్పేవి దాని చుట్టూ ఉన్నవి: స్ఫటిక బరిణె, రాతి బరిణె, మీద కట్టిన స్తూపం, స్తూపం చుట్టూ భక్తులు తిరిగిన దారి, అక్కడే బతికిన భిక్షువుల గదులు. అంటే పాత వస్తువుకు విలువ దాని పదార్థంలో తక్కువగానూ, దానితోపాటు వచ్చిన సాక్ష్యంలో ఎక్కువగానూ ఉంటుంది. వస్తువు, దాని సాక్ష్యం విడిపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు మించిన చోటు లేదనిపిస్తుంది. ఇక్కడ వస్తువు ఉండి కథ పోయిన చోట్లూ ఉన్నాయి, కథ ఉండి వస్తువు పోయిన చోట్లూ ఉన్నాయి.

బౌద్ధులు ఈ విషయం మీద చాలా ముందే ఆలోచించారు. తెలుగులో ఇప్పుడు ధాతువు అంటే ఖనిజమో, వ్యాకరణంలో క్రియకు మూలమో గుర్తుకొస్తుంది. వాళ్లకు ధాతువు అంటే మహనీయుడి నుంచి మిగిలినది. అందులో మూడు రకాలు చెప్పారు. శరీరంలోంచి మిగిలినవి శారీరిక ధాతువులు: ఎముక, దంతం, వెంట్రుక. ఆయన వాడినవి పారిభోగిక ధాతువులు: భిక్షాపాత్ర, ఏ చెట్టు కింద కూర్చున్నారో ఆ చెట్టు. ఆయన్ను తలచుకోవడానికి తర్వాతివాళ్లు చేసుకున్నవి ఉద్దేశిక ధాతువులు: విగ్రహం, చిత్రం. మన ఇళ్లలో చూసినా ఈ లెక్క సరిపోతుంది. తాతగారి అస్థికలు గోదావరిలోనో వంశధారలోనో కలిపేస్తాం. ఆయన చేతికర్ర తలుపు వెనక ఉండిపోతుంది. గోడ మీద దండ వేసిన ఫొటో ఉంటుంది. సంక్రాంతికి పెద్దలకు కొత్తబట్టలు పెట్టేది ఆ ఫొటో ముందే.

బుద్ధుడి పరినిర్వాణం తర్వాత ధాతువుల కోసం ఎనిమిది పక్షాలవాళ్లు యుద్ధానికి సిద్ధమైతే, ద్రోణుడనే బ్రాహ్మణుడు ఎనిమిది సమాన భాగాలు చేసి పంచాడని మహాపరినిర్వాణ సూత్రం చెబుతుంది. పంపకం అయ్యాక ద్రోణుడు తనకు ధాతువులను కొలిచిన కుండ ఇస్తే చాలన్నాడు. ఆలస్యంగా వచ్చిన మోరియ వంశంవాళ్లకు చితిలోని బొగ్గులు మాత్రమే దక్కాయి. ఆ కుండ మీదా స్తూపం కట్టారు, ఆ బొగ్గుల మీదా స్తూపం కట్టారు. కొలపాత్రకు ఆ గౌరవం తాకిడి వల్ల వచ్చింది. పవిత్రమైనదాన్ని తాకింది కాబట్టి అదీ పవిత్రమే. ఈ సూత్రం అర్థమైతే, చనిపోయిన అమ్మ కట్టుకున్న పాతచీరను బొంతలో కలిపి కుట్టించుకునేవాళ్ల మనసు కూడా అర్థమవుతుంది.

ఇక కథ ఉండి వస్తువు పోయిన చోటు. ఆమదాలవలస దాటి సరుబుజ్జిలి వైపు వెళ్తే దంతవరపుకోట వస్తుంది. మట్టికోట గోడల ఆనవాళ్లు, పొలాల మధ్య మెరక నేల, ఇటుక ముక్కలు కనిపిస్తాయి. బౌద్ధ గ్రంథాల్లో కళింగ రాజధానిగా చెప్పిన దంతపురం ఇదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. పూరీయే దంతపురమని వాదించినవాళ్లూ ఉన్నారు. కళింగను ఏలిన తొలి గంగరాజుల శాసనాలు కొన్ని దంతపురం నుంచే వెలువడ్డాయి కాబట్టి, ఈ ప్రాంతం వాదన గట్టిదే.

శ్రీలంకలో 13వ శతాబ్దంలో పాళీ భాషలో రాసిన దాఠావంసంలో ఆ కథ వివరంగా ఉంది. చితిలోంచి బుద్ధుడి ఎడమ కోరపన్నును ఖేమ థేరుడనే భిక్షువు తీసుకుని కళింగ రాజు బ్రహ్మదత్తుడికి ఇచ్చాడు. ఆ పన్ను కొలువైన నగరం కాబట్టి అది దంతపురమైంది. తరాలు గడిచి గుహశివుడు రాజుగా ఉన్న కాలంలో ఆ పన్ను కోసం శత్రువులు దండెత్తారు. యుద్ధంలో తాను ఓడిపోతే పన్నును లంకకు చేర్చమని కూతురు హేమమాలకు, అల్లుడు దంతకుమారుడికి చెప్పాడు. హేమమాల దాన్ని తన జుట్టులో దాచుకుంది. మారువేషాల్లో తామ్రలిప్తి రేవుకు చేరి, ఓడ ఎక్కి లంకకు వెళ్లారు. కీర్తిశ్రీ మేఘవర్ణుడు అక్కడ రాజు. అది నాలుగో శతాబ్దం. అప్పటి నుంచి లంకలో రాజధాని ఎక్కడికి మారితే పన్ను అక్కడికి వెళ్లింది. పన్ను ఎవరి దగ్గర ఉంటే రాజ్యాధికారం వాళ్లదన్న నమ్మకం స్థిరపడింది. ఇప్పుడది క్యాండీలోని దలదా మందిరంలో ఉంది.

ఆ పన్ను నిజంగా బుద్ధుడిదేనా అన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది. 1560 ప్రాంతంలో పోర్చుగీసువాళ్లు జాఫ్నా మీద దాడి చేసి ఒక దంతధాతువును పట్టుకెళ్లారు. బర్మాలోని పెగూ రాజు దానికి పెద్ద మొత్తం ఇస్తానని కబురు పెట్టినా ఇవ్వకుండా, గోవాలో రోట్లో వేసి దంచి, కాల్చి, పొడిని నదిలో కలిపేశారు. అది అసలు పన్ను కాదు, అసలుది తమ దగ్గరే భద్రంగా ఉందని లంకవాసుల నమ్మకం. ఆ నమ్మకం మీదే ఇప్పటికీ ఏటా క్యాండీలో ఏనుగుల ఊరేగింపు జరుగుతుంది.

ఇక్కడ రెండు ప్రశ్నలను కలిపేయకూడదు. ఈ ఎముక ఎవరిది అన్నది ఒక ప్రశ్న. దీని వల్ల మనుషులు ఏం చేశారు అన్నది మరో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరికినా దొరక్కపోయినా, రెండోదానికి జవాబు చరిత్రలో కుప్పలుగా ఉంది. యుద్ధాలు జరిగాయి, రాజధానులు మారాయి, గుళ్లు కట్టారు, ఒక గ్రంథమే పుట్టింది. అవన్నీ జరిగిన విషయాలే. పన్ను మీద అనుమానంతో వీటినీ తీసిపారేస్తే చరిత్రలో సగం పోతుంది. అలాగని రెండోదాన్ని చూపించి మొదటిదానికి రుజువు దొరికిందనడం కూడా సరికాదు. దంతవరపుకోటకు మాత్రం పన్నూ లేదు, గుడీ లేదు. పేరులో మాత్రం దంతం అలాగే ఉంది. ఊరి పేరు కూడా ఒక అవశేషమే. తవ్వకుండానే దొరికేది, ఎవరూ ఎత్తుకుపోలేనిది. రెవెన్యూ రికార్డులో ఒక అక్షరం మార్చడంతోనే పోగొట్టుకోగలిగేదీ అదే.

మాట వల్ల నేలకు విలువ రావడం విజయనగరంలో ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. కోట ముందర బొంకులదిబ్బ ఉంది. అక్కడ తవ్వి తీసిన విగ్రహాలు లేవు, శాసనాలు లేవు. కన్యాశుల్కం మొదటి రంగం అక్కడ మొదలవుతుంది, అంతే. 1892లో ఆ నాటకాన్ని విజయనగరంలోనే తొలిసారి ఆడారు. గిరీశం అనే మనిషి ఎప్పుడూ పుట్టలేదు, ఆ దిబ్బ మీద నిలబడనూ లేదు. అయినా తెలుగు చదువుకున్నవాడు విజయనగరం వస్తే బొంకులదిబ్బ ఎక్కడండీ అని అడుగుతాడు. గురజాడ అప్పారావు ఇల్లు చూడ్డానికి వెళ్లడం దీనికి తోడు. పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది, అన్ని ప్రతులూ ఒకటే. ఆ గుమ్మం మాత్రం ఒక్కటే. ఆయన దాటి వచ్చిన గుమ్మం అది. బౌద్ధుల లెక్కలో చెప్పాలంటే పారిభోగిక ధాతువు. ఆయన విజయనగర సంస్థానంలో శాసనాల పరిశోధకుడిగా కూడా పనిచేశారన్న సంగతి చాలామందికి తెలియదు. కొత్త భాష కోసం కొట్లాడిన గురజాడ, గిడుగు ఇద్దరూ పాత రాళ్లు చదివినవాళ్లే. జనం ఎలా మాట్లాడారో, పాతకాలంలో ఎలా రాశారో ఆ రాళ్ల మీద ఉంది. భాష మారుతూ వచ్చిందనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

గిడుగు పుట్టిన పర్వతాలపేట శ్రీముఖలింగానికి దగ్గర. పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం శాసనాలు చదివారు. గంగరాజుల కళింగనగరం ఇదే. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. శాసనాల్లో అఖండదీపాలకు ఇచ్చిన దానాలు కనిపిస్తాయి. సూర్యచంద్రులున్నంత కాలం వెలగాలని పెట్టిన దీపాలు ఎప్పుడో కొండెక్కాయి. ఆ దీపం పెట్టినవాడి పేరు, ఇచ్చిన దానం వివరం రాతి మీద నిలిచాయి. మధుకేశ్వరుడి గర్భాలయంలోనే ఇంకో వస్తువు ఉంది, దాని మీద ఒక్క అక్షరమూ లేదు. అది మట్టి గోలెం. పిల్లలు లేని ఒక కుమ్మరి మొక్కుకుని దాన్ని చేసి తెచ్చాడని చెబుతారు. ద్వారం కన్నా గోలెం పెద్దది, లోపలికి ఎలా వెళ్లిందన్నది భక్తుల ఆశ్చర్యం. రాజుల దానాలు చదవడానికి పాత లిపి తెలిసినవాడు కావాలి. కుమ్మరి మొక్కు సంగతి ఊళ్లో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. రాతి కన్నా మట్టి మనసులకు దగ్గరగా నిలిచిందంటే, దానికి కారణం ఆ మట్టిని చూపించి కథ చెప్పే నోళ్లు ఆగకపోవడమే.

రాగిరేకుల శాసనాల సంగతి వేరు. ఇవి గుళ్లో అందరికీ కనిపించేలా పెట్టినవి కావు. భూమి దానం పుచ్చుకున్నవాళ్ల ఇంట్లో దస్తావేజులా దాచుకున్నవి. మూడు రేకులు, వాటికి గుచ్చిన రాగి కడియం, కడియం మీద నంది ముద్ర. అక్షరాలు అరిగిపోకుండా రేకుల అంచులు కాస్త పైకి మడిచి ఉంటాయి. గంగరాజులు సొంత సంవత్సర లెక్క వాడారు. అది సుమారు 498లో మొదలైందని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకున్నారు. ఈ రేకుల్లో పొలం ఎల్లలు చెప్పేటప్పుడు పుట్టలూ చెట్లూ గట్లూ రాళ్లూ పేరుపేరునా వస్తాయి. చివర్లో ఒక శాపం ఉంటుంది. తానిచ్చిన భూమైనా, ఇతరులిచ్చిన భూమైనా లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని. భూతగాదా భయం అప్పుడూ అంతే ఉండేదన్నమాట.

ఇలాంటి రేకులు చాలా వరకు రైతులకే దొరికాయి, దున్నుతుంటే నాగలికి తగిలో, పునాది తీస్తుంటేనో. పండితులు వాటిని దొరికిన ఊరి పేరుతో పిలుస్తారు: అచ్యుతాపురం రేకులు, నరసన్నపేట రేకులు, టెక్కలి రేకులు, సంతబొమ్మాళి రేకులు, జిర్జింగి రేకులు. శాసనానికి దొరికిన ఊరే ఇంటిపేరు. ఆ ఇంటిపేరు లేకపోతే సగం సమాచారం పోతుంది. రేకులో చెప్పిన చెరువు ఏదో, ఆ ఊరు ఇప్పుడు ఏ పేరుతో ఉందో పోల్చుకోవడం మొదలయ్యేది అక్కడి నుంచే. అదే రేకు పాత సామాన్లవాడి త్రాసులోకి వెళ్తే అది రాగి. కిలోకు ఇంత. కరిగించాక పధ్నాలుగు వందల ఏళ్ల కిందట ఈ గడ్డ మీద ఎవరు ఎవరికి ఏ పొలం ఇచ్చారో చెప్పే ఒకే ఒక్క నోరు మూసుకుపోతుంది.

చట్టం ఈ సంగతిని పట్టించుకుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగిన విలువైన వస్తువు పది రూపాయలు దాటినదేదైనా దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 చట్టం నూరేళ్లు దాటిన కళావస్తువులను పురావస్తువులుగా చూస్తుంది. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్లు చాలు. అంటే అటక మీది తాటాకుల కట్ట కూడా ఆ లెక్కలోకి రావచ్చు. చట్టం ఉన్నా జనంలో భయం ఉంది. చెబితే పొలంలో తవ్వకాలు మొదలుపెడతారేమో, కేసవుతుందేమో అన్న టెన్షన్‌తో దొరికినదాన్ని మళ్లీ మట్టిలోకి తోసేసేవాళ్లుంటారు. మరోవైపు గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్లలో నంది కింద, స్తూపం నడిబొడ్డులో గోతులు తీసేవాళ్లున్నారు. వీళ్లు చేసే నష్టం దొంగతనం కన్నా పెద్దది. దొంగిలించిన విగ్రహం ఏనాటికైనా తిరిగి రావచ్చు. తవ్వేసిన మట్టి పొరలు తిరిగి రావు. ఏ పొరలో ఏది ఉందన్నదే కాలం చెప్పే గడియారం. దాన్ని ఒకసారి కలిపేస్తే ఇక ఎవరూ విడదీయలేరు.

సాక్ష్యం నుంచి వస్తువును విడదీయడం పెద్ద ఎత్తున ఎలా జరుగుతుందో పిప్రహ్వా రత్నాలు చూపించాయి. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా స్తూపంలో విలియం క్లాక్స్టన్ పెప్పే ధాతుపేటికలు తవ్వితీశారు. ఎముకలు బౌద్ధ దేశాలకు చేరాయి. వాటితోపాటు పెట్టిన రత్నాల్లో కొన్ని పెప్పే కుటుంబం దగ్గర ఉండిపోయాయి. 2025 మేలో వాటిని హాంకాంగ్‌లో వేలానికి పెడితే భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వేలం ఆగింది, జూలైలో రత్నాలు దేశానికి తిరిగొచ్చాయి. ఆ గొడవలో అసలు ప్రశ్న ఒక్కటే. ఎముకతో కలిపి పాతిపెట్టిన రత్నం నగా, ధాతువులో భాగమా? శాలిహుండం బంగారు పూలకూ ఇదే వర్తిస్తుంది. కంసాలి గీటురాయి మీద అవి కాస్త బంగారం. పెట్టినవాళ్ల దృష్టిలో అవి ఎప్పటికీ వాడని పూజ.

కథ పూర్తిగా పోయి వస్తువు మిగిలిన చోటు ఆమదాలవలస దగ్గరి దన్ననపేట. బృహత్‌శిలాయుగం నాటి సమాధి రాయి అక్కడుంది. ముప్పై అడుగులు దాటిన ఒకే ఒక్క కప్పురాయి. దాన్ని లేపి పెట్టడానికి ఎంతమంది భుజం పట్టి ఉండాలి, ఎన్ని రోజులు ఒక్క మాట మీద ఉండాలి! చనిపోయినవాళ్ల కోసం బతికున్నవాళ్లు అంత కష్టపడ్డారు. పేరు లేదు, అక్షరం లేదు. అయినా ఆ శ్రమ కనిపిస్తుంది. దీనికి కాస్త వెలుగు పక్క కొండల్లో దొరుకుతుంది. సీతంపేట ఏజెన్సీలోనూ, ఒడిశా వైపూ ఉన్న సవర గిరిజనులు చనిపోయినవాళ్ల పేరున రాయి నాటతారు. రాయి నాటాక ఆ మనిషి పెద్దల్లో కలిశాడని లెక్క. దన్ననపేటవాళ్లూ సవరలూ ఒక్కటేనని దీన్నిబట్టి చెప్పలేం. రాయి పెట్టడం వెనక ఎలాంటి మనసు ఉండవచ్చో మాత్రం తెలుస్తుంది. మ్యూజియం లేబుల్ మీద "సమాధి శిల" అని రాస్తే ఆ మనసు కనిపించదు.

విజయనగరం జిల్లా రామతీర్థంలో ఈ తేడాలన్నీ ఒక్కచోటే ఎదురవుతాయి. గురుభక్తులకొండ మీద బౌద్ధ స్తూపం, విహారాల శిథిలాలు ఉన్నాయి. దుర్గకొండ మీద జైన విగ్రహాలున్నాయి. బోడికొండ మీద కోదండరాముడి గుడి ఉంది. 2020 డిసెంబరు చివర్లో దుండగులు ఆ రాముడి విగ్రహం శిరస్సు ఖండించారు. శిరస్సు దగ్గర్లోని కోనేరులో దొరికింది. జనం ఏడ్చారు, రాష్ట్రమంతా అట్టుడికింది. కొత్త విగ్రహాలు చెక్కించి బాలాలయంలో, అంటే తాత్కాలిక గుడిలో ఉంచి, 2022లో కొండ మీద కొత్త ఆలయంలో ప్రతిష్ఠించారు. ఆగమ సంప్రదాయంలో భిన్నమైన, అంటే విరిగిన మూర్తి పూజకు పనికిరాదు. దేవుడి సన్నిధి ప్రాణప్రతిష్ఠతో వస్తుంది కాబట్టి రాయి మారినా రాముడు మారడు. పురావస్తు శాఖవాళ్ల లెక్క దీనికి పూర్తిగా ఎదురు. విరిగిన మూర్తినే భద్రపరుస్తారు, కొత్తది చేయించరు. ఏది ఒప్పు అని తేల్చే పని లేదు. గుడిలో వస్తువు సేవ కోసం ఉంది, మ్యూజియంలో సాక్ష్యం కోసం ఉంది. బాధ కలిగించేది వేరే. పక్క కొండల మీద జైన, బౌద్ధ శిల్పాలు కాలంతోపాటు అరిగిపోతూ ఉంటే ఎవరి కంటా నీరు రాదు. వాటిని కొలిచిన మనుషులు కూడా ఇక్కడి మనుషులే, చాలా మటుకు మన పూర్వీకులే.

యుద్ధం తర్వాత ఏం మిగులుతుందో బొబ్బిలిని అడగాలి. 1757 జనవరి 24న విజయనగరం, ఫ్రెంచి సేనల దాడిలో పాతకోట నేలమట్టమైంది. అక్కడ స్మారక స్తంభం నిలబెట్టింది 1891లో, అంటే నూట ముప్పై ఏళ్లు దాటాక. ఈ మధ్యకాలమంతా తాండ్ర పాపారాయుడు ఎక్కడున్నాడంటే పాడేవాళ్ల గొంతుల్లో, తంబూరా మీద. కోట పోయింది కాబట్టే పాట అంత భారం మోయాల్సి వచ్చిందేమో. స్తంభం చోటు చూపిస్తుంది, జరిగినదాన్ని చెప్పదు. పాటలో మాటలు పాడేవాడిని బట్టి మారతాయి, మధ్యలో పెరుగుతాయి కూడా. చరిత్ర రాసేవాళ్లకు రెండూ పక్కపక్కన ఉంటేనే పని జరుగుతుంది.

అసలు వస్తువును దాచకుండానే పాతదాన్ని నిలబెట్టే పద్ధతి కూడా ఇక్కడుంది. విజయనగరం పైడితల్లి సిరిమానుకు ఏటా కొత్త చింతమాను తెస్తారు. ఆ చెట్టు ఎక్కడుందో అమ్మవారు పూజారికి కలలో చెబుతుందని నమ్మకం. దసరా తర్వాత మంగళవారం మాను కొసన పూజారి కూర్చుంటాడు, గుడికీ కోటకూ మధ్య మాను తిరుగుతుంది. గత ఏటి మానును ఎవరూ అద్దాల పెట్టెలో పెట్టలేదు. పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు. పొందూరులో ఖద్దరు నూలు వడికే ఆడవాళ్ల చేతిలో వాలుగ చేప దవడ ఎముక ఉంటుంది. దాని సన్నటి పళ్లతో పత్తిని దువ్వితేనే ఆ నాణ్యమైన నూలు వస్తుంది. శాలిహుండంలో ఎముకను రాతిలో, స్ఫటికంలో దాచారు. పొందూరులో ఎముక రోజూ చేతిలో ఆడుతుంది, అరిగితే పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంటారు. అక్కడ అవశేషం ఆ ఎముక కాదు, దాన్ని పట్టే వేళ్లకు తెలిసిన పని. ఆ పని నేర్చుకునే అమ్మాయిలు లేకుండా పోయిన రోజున ఎముక మ్యూజియానికి చేరుతుంది. అప్పుడు దాని కింద ఎంత వివరంగా రాసినా దువ్వడం ఎవరికీ రాదు.

ఇప్పుడు వంటింట్లోకి వస్తే, బుడితి ఊరి ఇత్తడికి పేరుపడ్డ శ్రీకాకుళం జిల్లాలో పాత ఇళ్ల అటకల మీద బిందెలు, గంగాళాలు, మరచెంబులు ఇంకా ఉన్నాయి. వాటి అంచున చిన్న చుక్కలతో కొట్టించిన పేర్లుంటాయి. ఇంటిపేరు పొడి అక్షరాల్లో, తర్వాత పేరు, కొన్నిటి మీద తేదీ. పెళ్లికి మేనమామ పెట్టిన బిందె, గృహప్రవేశానికి వియ్యాలవారు ఇచ్చిన పళ్లెం, ఎవరో పోయినప్పుడు వాళ్ల పేరున పంచిన గ్లాసులు. ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో, ఎప్పుడు ఇచ్చారు. గంగరాజుల రాగిరేకు చెప్పేదీ ఈ నాలుగు సంగతులే. దానిలో శాపం ఉంది, బిందె మీద లేదు, అంతే తేడా.

ఈ బిందెలు ఇప్పుడు వేగంగా తూకానికి వెళ్లిపోతున్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, విశాఖలో రెండు గదుల ఫ్లాట్‌లోనో ఉంటారు. తోమేవాళ్లు లేరు, పెట్టుకోవడానికి చోటు లేదు. వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. అన్నీ దాచుకోవడం ఏ ఇంటికీ సాధ్యం కాదు. శాలిహుండంలో భిక్షువులు తిన్న గిన్నెలన్నీ భద్రపరచి ఉంటే ఆ కొండ మీద కాలు పెట్టే చోటు ఉండేది కాదు. కొట్టుకు వేసే ముందు అంచు మీది అక్షరాలను ఒక ఫొటో తీసి, ఆ పేరు ఎవరిదో, ఆ బిందె ఎవరింటి నుంచి ఎవరింటికి వచ్చిందో ఇంట్లో పెద్దావిడ చెబుతుండగా ఫోనులో రికార్డు చేసి పెట్టుకోవచ్చు. పావుగంట పని. అక్షరాలు చాలా వరకు అరిగిపోయి ఉంటాయి. వేలితో తడిమి చూస్తేనే తెలుస్తాయి. మొదటి అక్షరం దొరికితే, మిగతాది పెద్దావిడే పూర్తి చేస్తుంది.